వంతు ముక్క

“అక్కా, కేకేం చేశావు?”

యాద్యా ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి నిలబడింది. పాల సీసా ఉంది, ఉప్పుచేప డబ్బా ఉంది, నిన్న మిగిలిన బంగాళదుంప అట్లు ఉన్నాయి. రాత్రి తన చేత్తో తను పెట్టిన ఎనిమిది పొరల తేనె కేకు మాత్రం లేదు.

స్తెఫా తలెత్తలేదు. మొగుడి చొక్కా కాలరుని ఇస్త్రీ పెట్టెతో అణచి అణచి తోముతోంది. ఆ కాలరు ఏం పాపం చేసిందో గానీ, అయిదు నిమిషాలుగా దానికి విముక్తి లేదు.

“నిన్నే. పన్నెండయింది. నాలుగింటికి అందరూ వస్తారు. అంచులు కోయాలి, పైన పొడి అద్దాలి. ఎక్కడ పెట్టావు?”

“నీ కేకుకి నన్ను కాపలా పెట్టావా?”

“ఇంట్లో ఇంకెవరున్నారు? బావ కుర్చీలు అడగడానికి కింది ఫ్లాటుకి వెళ్ళాడు. కేకుకి కాళ్ళు లేవు కదా.”

“బాల్కనీలో ఉంది. బట్టల తొట్టి కింద. ఫ్రిజ్ తెరిచినప్పుడల్లా ఆ తేనె వాసన నా మొహాన కొడుతోంది. ఈ చలికి చెడిపోదులే.” చొక్కా తిరగేసి మళ్ళీ మొదలుపెట్టింది. “చెడిపోయినా నాకేం బాధ లేదు.”

యాద్యా బాల్కనీలోకి వెళ్ళి కేకు తెచ్చింది. ఒక పక్క కాస్త ఒరిగింది. దాన్ని చేత్తో నిలబెడుతూ ఏమీ అనలేదు. చిన్నప్పటి నుంచీ అంతే. తిట్టాల్సిన చోట నోరు మూసుకుని, అక్కని ఇంకాస్త దోషిగా నిలబెట్టడం దానికి వెన్నతో పెట్టిన విద్య.

సరిహద్దు దాటి లిథువేనియా రాజధాని విల్నియస్ చేరిన బెలారుస్ వాళ్ళలో ఈ నాలుగైదేళ్ళలో ఒక అలవాటు పుట్టింది. మిమ్మల్ని జైల్లో కొట్టినవాడి పేరు యూరప్ ప్రభుత్వాల జాబితాలోకి ఎక్కిందనుకోండి, మీరు తేనె కేకు చేయాలి. జాబితాకెక్కితే బ్యాంకులో వాడి డబ్బు కదలదు. వాడి ఇల్లు అమ్ముడుపోదు, అద్దెకివ్వడానికి లేదు. ఎవరూ వాడి చేతిలో ఒక్క సెంటు పెట్టకూడదు. అది జైలు కాదు, బోను కూడా కాదు. కానీ ఇన్నాళ్ళూ ఎవరి నోటా ‘కుదరదు’ అన్న మాట వినని మనిషికి, అద్దాల వెనక కూర్చున్న బ్యాంకు గుమాస్తా ఆ మాట చెబుతుంది. వీళ్ళకి ఇప్పటికి దొరికిన న్యాయం అంతే. ఆ మాత్రానికే కేకు.

చేసినవాళ్ళు మొదటి ముక్క తినరు. తనని హింసించినవాడి పేరు ఇంకా జాబితాకెక్కని మనిషిని పిలిచి వాళ్ళ పళ్ళెంలో పెడతారు. దాన్ని వంతు ముక్క అంటారు. అది తింటే తర్వాతి వంతు వాళ్ళదేనని ఒక నమ్మకం.

స్తెఫా ఇప్పటికి నాలుగు వంతు ముక్కలు తింది.

“అక్కా, ఒకటడగనా? నీకు సంతోషంగా లేదా?”

“ఎందుకు లేదూ? చూడు, పళ్ళు కనిపిస్తున్నాయిగా.”

“నన్ను కొట్టిన ఆ హ్లుషక్‌కి సముద్రపు ఒడ్డున ఫ్లాటు ఉందటే. పెళ్ళాం పేరు మీద కొన్నాడు. బావ వాళ్ళు కొనుగోలు కాగితాలు తవ్వి తీసి, డబ్బు వాడిదేనని తేల్చారు. ఇప్పుడు దాని మీద ముద్ర పడింది. ఎండాకాలం అద్దెకిద్దామన్నా…”

“విన్నాను. రేడియోలో విన్నాను. పేపర్లో చదివాను. లాండ్రీలో మా యజమానురాలు నీ ఫోటో పట్టుకొచ్చి ‘మీ చెల్లెలు ఎంత బావుందో’ అంది. ఆ ఫోటోలో నువ్వు వేసుకున్న స్వెటరు నాది.”

“అడిగే తీసుకున్నాను.”

“అవును, అడిగే తీసుకుంటావు అన్నీ.”

స్తెఫా ఇస్త్రీ పెట్టె మళ్ళీ కాలరు మీద ఆనించింది. గోడకి చెబుతున్నట్టు, “పదకొండు రోజులు” అంది.

“ఏంటి?”

“నువ్వు లోపలున్నది పదకొండు రోజులు.”

“మొదలెట్టావా?”

“నేను డెబ్బై నాలుగు.”

యాద్యా చేతిలో కత్తి బల్ల మీద పెట్టింది. “అయితే ఏం చేయమంటావు? రోజులు తక్కువైనందుకు నీకు క్షమాపణ చెప్పుకోవాలా? ఇంకో రెండు నెలలు కూర్చుని రావలసింది కాబోలు, నీ సరసన నిలబడే అర్హత కోసం!”

స్తెఫా ముఖం ఎర్రబడింది. తను ఎంత నీచంగా మాట్లాడుతోందో తనకి తెలియక కాదు. చెల్లెలి కోటు మీద కన్ను పడితే పక్కింటావిడతో చెప్పుకుని నవ్వుకోవచ్చు. చెల్లెలి జీతం మీద కుళ్ళుకుంటే కనీసం మొగుడితో అనొచ్చు. కానీ ‘నా చెల్లెల్ని కొట్టినవాడికి శాస్తి జరిగింది, నాకు కడుపు మండిపోతోంది’ అని ఏ మనిషి ముందు నోరు విప్పుతుంది? కక్కలేక మింగలేక ఈ వారం రోజులుగా ఇంట్లో ఉన్న బట్టలన్నీ ఇస్త్రీ చేసింది. కిటికీ తెరలు కూడా.

హ్లుషక్ చొక్కా మీద పేరు బిళ్ళ పెట్టుకుని తిరిగాడు, మూర్ఖుడు. ముఖానికి ముసుగు కూడా లేదు. యాద్యాకి వాడి ముక్కు మీద పుట్టుమచ్చతో సహా తెలుసు. స్తెఫాకి దొరికినవాడు అలాంటివాడు కాదు. వాడికి ముఖం లేదు, పేరు లేదు. తలుపు తెరుచుకుంటుందనగానే ఏడో నంబరు గదిలోని ఆడవాళ్ళంతా గోడ వైపు తిరిగి చేతులు వెనక పెట్టుకోవాలి. వెనక నుంచి ఒక మెత్తని గొంతు వస్తుంది. ఎన్నడూ పెంచని గొంతు. ‘గోడ వైపు తిరగండమ్మా, దయచేసి.’ మోకాలి వెనక లాఠీ దిగే ముందు కూడా, ‘కాస్త కాళ్ళు దూరంగా పెట్టండి, దయచేసి.’

ఒక్కొక్కరూ ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు, పుట్టిన సంవత్సరం, గది నంబరు చెప్పాలి. చివర ‘ఫిర్యాదులేమీ లేవు’ అనాలి. అది అనకపోతే మళ్ళీ మొదటి నుంచీ. డెబ్బై నాలుగు రోజులు, రోజుకి రెండుసార్లు స్తెఫా ఆ మాట అంది.

హ్రోద్నాలో ఉన్నన్నాళ్ళు ఆమె బడిలో పాటల టీచరు. నలభై గొంతుల్లో ఏది శ్రుతి తప్పిందో కళ్ళు మూసుకుని చెప్పగలిగిన చెవులు ఆమెవి. ఏప్రిల్‌లో ఆమె మొగుడు అనతోల్ ఒక వీడియో తెచ్చి వినిపించాడు. ఏదో బడి పండగలో ముఖ్య అతిథి మాట్లాడుతున్నాడు. రెండో వాక్యానికే స్తెఫా గుర్తుపట్టింది. అలా వాడికి పేరొచ్చింది. కెప్టెన్ మ్రోచక్.

“వచ్చేసారి నీదేనే అక్కా,” అంది యాద్యా, మెత్తబడి. “నీ కేకు నేనే చేసిపెడతాను.”

“శుక్రవారం తర్వాతి జాబితాకి సాక్ష్యాల కాగితాలు వెళ్ళిపోతాయి. ఆ తర్వాత మళ్ళీ వేసవి దాకా లేదు. ఈసారి తప్పితే ఇక నా కేకు నా పెద్దకర్మలో పంచుకోండి.”

“అలా అనకు.”

“తప్పదులే. ముప్ఫై ఒకటో పేజీ నుంచి నలభై దాకా నావే. అనతోల్ చెప్పాడు. సాక్ష్యం చెప్పడానికి వెళ్ళినప్పుడు నువ్వు చూశావుగా, బ్రస్సెల్స్‌లో? ఎలా వచ్చాయి? ఫోటో పెట్టారా వాడిది?”

కేకు అంచు కోస్తున్న కత్తి ఆగింది.

“యాద్యా?”

“చూశాను.”

“అడిగింది అది కాదు. ఎలా వచ్చాయి?”

యాద్యా బల్ల మీద రాలిన పొడిని వేలితో ఒక పక్కకి తోసింది. మళ్ళీ ఇటు తోసింది. “ముప్ఫై తర్వాత… వేరే ఏదో ఉందక్కా.”

“వేరే ఏదో అంటే?”

“వేరే జైలు. వేరే మనుషులు.” అని, ఇక దాచలేక గబగబా చెప్పేసింది. “నీ పేజీలు లేవు. బావే తీసేశాడు. నేనడిగితే, నీకు చెప్పొద్దన్నాడు. నాకు కారణం చెప్పలేదు, ఒట్టు.”

“ఎప్పుడు?”

“అక్టోబరు మొదట్లో.”

“ఆరు వారాలు,” అంది స్తెఫా.

పేజీలు పోయినందుకు గుండెల్లో కలుక్కుమన్నది నిజమే. కానీ అంతకన్నా లోతుగా దిగింది ఇంకొకటి. ఆరు వారాలుగా తన మొగుడూ తన చెల్లెలూ ఒకే బల్ల ముందు కూర్చుని, తను వడ్డించిన సూపు తాగుతూ, ఆ సంగతి మధ్యలో పెట్టుకుని తన ముఖం చూశారు. తనకి తప్ప అందరికీ తెలుసు. లోపలున్నప్పుడు కూడా ఇలాగే ఉండేది.

కాలిన వాసన వచ్చింది. కాలరు మీద ఇస్త్రీ పెట్టె ఆకారంలో గోధుమరంగు మచ్చ పడింది.

అప్పుడే తలుపు తోసుకుని అనతోల్ వచ్చాడు. రెండు చేతులకీ రెండేసి కుర్చీలు. “లిఫ్టు ఇవాళా పని చేయడం లేదు. గనేఫా బామ్మని ఎత్తుకునే తీసుకురావాలి,” అంటూ కుర్చీలు దించి, ఇద్దరి ముఖాలూ చూసి ఆగాడు. “ఏదో కాలుతోంది.”

“నీ చొక్కా,” అంది స్తెఫా. “నా పేజీలెందుకు తీశావు?”

అనతోల్ యాద్యా వైపు చూశాడు.

“దాన్నెందుకు చూస్తావు? పెళ్ళాన్ని నేను. నన్ను చూసి చెప్పు.”

“ఆధారం చాలలేదు స్తెఫా. నువ్వు ముఖం చూడలేదు. ఒక్క గొంతు మీద ఒక మనిషి ఆస్తులు స్తంభింపజేయమంటే అక్కడి వకీళ్ళు ఊరుకోరు.”

“ఏప్రిల్‌లో చాలిందిగా! వీడియో తెచ్చింది నువ్వే. నిర్ధారించుకోవాలని మూడుసార్లు వినిపించింది నువ్వే. నేను కక్కుకుంటుంటే బకెట్ పట్టుకున్నదీ నువ్వే. ఏడుగురు ఆడవాళ్ళు అదే గొంతని సంతకాలు పెట్టారు. గనేఫా బామ్మ కూడా పెట్టింది. ఇప్పుడు చాలలేదా?”

“అరవకు. కింద వినబడుతుంది.”

“వినబడనీ. కుర్చీలిచ్చారుగా, కూర్చుని వింటారు.”

అనతోల్ గోడకి ఆనుకున్నాడు. జాబితాల కోసం సాక్ష్యాలు సేకరించే పనిలో మూడేళ్ళుగా జైళ్ళ కథలు విని విని రాసి రాసి ఆ మనిషి నలభై అయిదేళ్ళకే అరవై ఏళ్ళవాడిలా తయారయ్యాడు. మామూలు రోజుల్లో స్తెఫాకి ఆ ముఖం చూస్తే జాలి వేసేది.

“జాబితా బహుమతి కాదు స్తెఫా, వంతులవారీగా పంచడానికి. ఒక పేరు ఆగితే నాలుగు పేర్లు కదులుతాయి. నేను చెప్పగలిగింది అంతే. శుక్రవారం దాకా నన్నేమీ అడక్కు.”

“సరే. ఇంకొకటి అడుగుతాను. లీనా ఎవరు?”

ఆగస్టు నుంచీ ఆ పేరు ఆమె గొంతులో ముల్లులా ఉంది. అతని ఫోనులో ఆ పేరు మెరుస్తుంది. మెరవగానే అతను లేచి, నైటు దుస్తుల మీదే కోటు తగిలించుకుని, మెట్ల దగ్గరికి పోయి చెవికి ఆనించుకుని వింటాడు. రాతలు కాదు, మాటలు పంపుతుంది ఆ లీనా. స్తెఫా మూడు నెలలు అడగలేదు. అడిగితే నిజమవుతుందని భయం. అతనికి వచ్చే ఒక్కొక్క మాటకీ ఆ మనిషి ఎలా ఉంటుందో ఊహించుకుంది. నవ్వు మొహం, పొడుగాటి వేళ్ళు, జైలు అంటే ఏమిటో తెలియని నిద్ర.

అనతోల్ గోడ వదిలి నిటారుగా నిలబడ్డాడు. “లీనా… నువ్వనుకుంటున్నది కాదు.”

“నేనేమనుకుంటున్నానో నీకెలా తెలుసు?”

“అక్కా, బావ అలాంటివాడు కాదే,” అంది యాద్యా.

“నువ్వు నోరుముయ్. బావ ఎలాంటివాడో ఆరు వారాల నుంచీ నీకే బాగా తెలుసు.”

యాద్యా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.  అనతోల్ కాలిన చొక్కా తీసి మడతపెట్టి కుర్చీ మీద పెట్టాడు. 

ఆ తర్వాత మూడు గంటలు ఆ ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. అనతోల్ బల్ల జరిపాడు. స్తెఫా పళ్ళేలు తుడిచింది, తుడిచినవే మళ్ళీ తుడిచింది. యాద్యా కేకు మీద పొడి అద్దింది. చెంచాలు కావలసినప్పుడు ‘చెంచాలు’ అనలేదు, సొరుగు లాగి చూపించింది. ఒకసారి ఇరుకు వంటింట్లో అక్కాచెల్లెళ్ళ భుజాలు తగిలాయి. ఇద్దరూ ఒకేసారి తప్పుకున్నారు.

మూడున్నరకి కింద గంట మోగింది. గనేఫా బామ్మ అరగంట ముందే వచ్చేసింది. ఆవిడ ఎప్పుడూ అంతే, కేకు ఉన్న చోటికి ముందే వస్తుంది.

“పద యాద్యా, నువ్వో పక్క, నేనో పక్క,” అన్నాడు అనతోల్, గట్టి కుర్చీ ఒకటి ఎంచి తీసుకుంటూ. జేబుల్లో ఉన్నవన్నీ తీసి కిటికీ గట్టు మీద పెట్టాడు. తాళాలు, కళ్ళజోడు, ఫోను. కిందటిసారి బామ్మని మోస్తుంటే ఫోను జారి మూడంతస్తులు మెట్ల మీద దొర్లి అద్దం పగిలింది. ఆ జాగ్రత్త అలవాటయింది. ఫోను ఇంట్లో వదలకూడదన్న మూడు నెలల జాగ్రత్త మాత్రం ఆ క్షణంలో మరిచిపోయాడు.

తలుపు మూసుకుంది.

స్తెఫా ఫోను వైపు చూడకూడదనుకుంది. కిటికీలోంచి బయటికి చూసింది. కింద మంచులో బామ్మ చేతికర్ర ఊపుతూ ఏదో అంటోంది. యాద్యా నవ్వుతోంది. ఇంత జరిగాక కూడా నవ్వగలదు అది.

ఫోను చిన్నగా వణికింది. పగిలిన అద్దం మీద పేరు వెలిగింది. లీనా. కొత్త వాయిస్ మెసేజ్.

స్తెఫా ఫోను చేతిలోకి తీసుకుంది. తాళం అంకెలు తెలుసు. హ్రోద్నాలో వదిలేసి వచ్చిన ఇంటి నంబరు, ఇద్దరి ఫోన్లకీ అదే. అది మారిస్తే అనుమానం వస్తుందని మార్చి ఉండడు. లేదా మారుద్దామన్న ఆలోచనే వచ్చి ఉండదు. ఏది నిజమైనా తర్వాత చూసుకోవచ్చు. ముందు ఆ ఆడదాని గొంతు వినాలి. గొంతు వింటే చాలు, మిగతాదంతా తనే చెప్పేయగలదు. వయసు, చదువు, అబద్ధం.

నొక్కింది.

“అనతోల్ గారూ, నమస్కారం.”

ఆడగొంతు కాదు.

స్తెఫా కాళ్ళు ఆమెని అడగకుండానే కిటికీ నుంచి తిరిగాయి. ముక్కుకి జానెడు దూరంలో వంటింటి గోడ ఉంది. ఎడమ చెయ్యి వెనక్కి పోయింది. కుడిచేతిలో ఫోను ఉండబట్టి అది పోలేదు.

“జాబితా చూశాను. చాలా సంతోషం,” అంటోంది ఆ మెత్తని గొంతు, తీరుబడిగా. “హ్లుషక్ గారి ముఖం ఈ వారమంతా మీరు చూడాల్సింది. వాళ్ళావిడ ఫోనులో ఒకటే ఏడుపు. సముద్రం కనిపించే బాల్కనీ అని ఎంత చెప్పుకునేవాడో! పదిహేనేళ్ళుగా ఇద్దరం ఒకే పని చేశాం. అతనికి మేజరు హోదా, ఫ్లాటు. నాకు అదే పాత క్వార్టరు, కారే కుళాయి. నేనిచ్చిన కాగితాలు నిజమేనని మీవాళ్ళకి ఇప్పుడైనా తెలిసిందిగా. మిగతా ముగ్గురివీ గురువారం పంపుతాను. మీ మాట మీద మీరూ ఉండండి. నా పేరు ఎక్కడా రాకూడదు. మరిచిపోకండి, దయచేసి.”

అయిపోయింది.

మొదట ఆమెకి వచ్చింది ఊరట. దేవుడా, ఆడది కాదు. మూడు నెలలుగా రాత్రీ పగలూ కొరుక్కుతిన్న లీనా అనే మనిషి అసలు లేనేలేదు. ఆ ఊరట ఎంత గాఢంగా వచ్చిందంటే, ఒక్క క్షణం మ్రోచక్ గొంతు విని ఆమె సంతోషించింది. తర్వాత ఆ సంగతి గ్రహించి, తన ఒంటి మీద తనకే అసహ్యం వేసింది.

అది దిగాక మిగిలింది నెమ్మదిగా అర్థమైంది. ఒక పేరు ఆగితే నాలుగు పేర్లు కదులుతాయి. ఆగిన పేరు తనని కొట్టినవాడిది. కదిలిన మొదటి పేరు చెల్లెల్ని కొట్టినవాడిది. బల్ల మీద ఎనిమిది పొరలుగా నిలబడిన ఆ కేకు, మ్రోచక్ హ్లుషక్ మీద కుళ్ళుకుని ఇచ్చిన కానుక. ఒక పాత క్వార్టరు వాడు ఒక సముద్రపు ఫ్లాటు వాడిని చూసి ఓర్వలేకపోయాడు. తను వారం రోజులుగా బట్టలు ఇస్త్రీ చేసినట్టే, వాడు అక్కడ కూర్చుని కాగితాలు ఏరాడు. వాడికీ తనకీ ఒకే రోగం. ఆ ఆలోచన భరించలేకపోయింది.

మెట్ల మీద కాళ్ళ చప్పుడు. “నెమ్మదిరా నాయనా, పెళ్ళికూతురిని మోస్తున్నావు, గుమ్మడికాయని కాదు!” అని బామ్మ కేక. వెనకాల ఇంకా ఎవరెవరివో గొంతులు. మిగతావాళ్ళు కూడా వచ్చేస్తున్నట్టున్నారు.

గురువారం వచ్చే ముగ్గురు ఎవరిని కొట్టారో స్తెఫాకి తెలియదు. వాళ్ళకీ అక్కలుంటారు, చెల్లెళ్ళుంటారు. తను ఊరుకుంటే వాళ్ళింట్లో కేకులు చేసుకుంటారు. వాళ్ళు వచ్చి మొదటి ముక్క తెచ్చి తన పళ్ళెంలో పెడతారు. తను నోరు తెరిచి తింటుంది. ఆరోసారి, ఏడోసారి, ఎనిమిదోసారి.

గోడ వైపే నిలబడి, మాట పంపే మీట నొక్కిపట్టుకుంది. పాటల టీచరు గొంతు, ఎక్కడా వణకలేదు.

“బురాక్ స్తెఫానియా కజిమీరవ్నా. పుట్టిన సంవత్సరం పందొమ్మిది వందల ఎనభై ఒకటి. గది నంబరు ఏడు.” ఊపిరి పీల్చుకుంది. “ఫిర్యాదు ఉంది.”

వేలు తీసేసింది. మాట వెళ్ళిపోయింది. రెండు గుర్తులు పడి, నీలంగా మారాయి. విన్నాడు.

తలుపు భళ్ళున తెరుచుకుంది. కుర్చీలో బామ్మ, చెరో పక్క చెమటలు కక్కుతూ అనతోల్, యాద్యా. వెనక మరో నలుగురు కోట్ల మీద మంచు దులుపుకుంటూ వచ్చారు. ఒక్కసారిగా ఇల్లంతా మాటలతో నిండిపోయింది.

“ఏదే కేకు? ఓహో, ఒక పక్క ఒరిగిందే! పర్లేదు, నేనూ ఒరిగాను,” అంది గనేఫా బామ్మ. డెబ్బై మూడేళ్ళ మనిషి. ఎర్ర తువ్వాలు రెండు తెల్ల తువ్వాళ్ళ మధ్య ఆరేసిందని, అది ప్రభుత్వం నిషేధించిన తెలుపు-ఎరుపు జెండా అని, ఆవిణ్ణి పట్టుకుపోయారు. ఏడో గదిలో స్తెఫా పక్క మంచం ఆవిడదే. “వంతు ముక్క స్తెఫాకే పెట్టండర్రా. నాకింకా బోలెడు వయసుంది, ఆగగలను.”

యాద్యా కేకు కోసింది. మొదటి ముక్క పళ్ళెంలో పెట్టి, రెండు చేతులతో అక్క ముందుకి తెచ్చింది. కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. “తీసుకో అక్కా,” అంది, బతిమాలుతున్నట్టు.

స్తెఫా ఎడమచేత్తో పళ్ళెం అందుకుంది.

కుడిచేతి గుప్పిట్లో ఫోను మోగింది. ఈసారి మెసేజ్ కాదు, పిలుపు. పగిలిన అద్దం మీద లీనా.

అనతోల్ కిటికీ గట్టు వైపు చూశాడు. తాళాలున్నాయి, కళ్ళజోడుంది. తర్వాత భార్య చెయ్యి చూశాడు. “స్తెఫా, ఇలా ఇవ్వు,” అన్నాడు, చాలా నెమ్మదిగా. “స్తెఫా, నీకు తెలియదు. ముగ్గురు. ఇంకా ముగ్గురున్నారు.”

“నీ లీనా గొంతు వీళ్ళు కూడా విననీ,” అని స్తెఫా ఆకుపచ్చ గుర్తు నొక్కి, స్పీకరు పెట్టి, ఫోను కేకు పక్కన బల్ల మీద ఉంచింది.

“అనతోల్ గారూ?” అంది గొంతు, గదంతా వినబడేలా. “అక్కడెవరున్నారు? ఎవరు మాట్లాడారు? జవాబు చెప్పండి, దయచేసి.”

బామ్మ నవ్వు మధ్యలో ఆగింది. చేతిలో చెంచా జాగ్రత్తగా పళ్ళెంలో పెట్టింది. ఎవరి సాయం లేకుండా, కర్ర కూడా తీసుకోకుండా కుర్చీలోంచి లేచింది. గోడ వైపు తిరిగి, రెండు చేతులూ వెనక పెట్టుకుంది.